ఛురీ తగలని గోష్త్

పోయిన బక్రీద్ రెండో రోజు సంగతి. మహబూబ్‌నగర్‌లో మా నానీ ఇంట్లో దస్తర్‌ఖాన్ పరిచి అందరం కూర్చున్నాం. పక్క గదిలో ఖుర్బానీ గోష్త్‌ను హిస్సాలు చేసి కవర్లలో కట్టే పని ఇంకా నడుస్తూనే ఉంది. మా చెల్లెలి కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. స్టీలు ట్యాంకులు, తెల్ల కోట్లు వేసుకున్న మనుషులు, చివర్లో పెనం మీద వేగుతున్న చికెన్ ముక్క. "నానీ, దీనికి ముర్గీని కోయనే లేదు. మిషన్‌లో పెంచారు" అన్నాడు.

నానీకి ఎనభై దాటాయి. ఫోన్‌ను కళ్ల దగ్గర పెట్టుకుని చూసి ఒకే మాట అడిగింది: "ఇస్ కే మా-బాప్ కౌన్ రే?"

అందరూ నవ్వారు. మామూ నవ్వలేదు. ఆయనది ముప్పై ఏళ్ల మటన్ దుకాణం. ఎముక మీంచి చేయి తీయకుండానే ఆయన ఇంకో సవాల్ వేశాడు: "ఔర్ ఇనే ఖాతా క్యా?" దీని అమ్మానాన్నలెవరు, ఇది తినేదేమిటి? పిల్లాడి దగ్గర జవాబ్ లేదు. నా దగ్గరా లేదు. ఇరవై ఏళ్లుగా వార్తలు రాస్తున్నవాణ్ని, ఇంటికొచ్చిన ప్రశ్నకు ఖామోష్‌గా కూర్చోవలసి వచ్చింది. తర్వాత కొన్ని వారాలు దీని తవారీఖ్ తవ్వుకుంటూ పోయాను. తవ్విన కొద్దీ తేలిందేమిటంటే, నూరేళ్లకు పైగా సైంటిస్టులు కుస్తీ పట్టింది కూడా సరిగ్గా ఆ రెండు సవాళ్లతోనే. నేను ముఫ్తీని కాను, ఫత్వా నా పని కాదు. జరిగింది చెబుతాను.

1907లో అమెరికాలో రాస్ హారిసన్ అనే జీవశాస్త్రవేత్త కప్ప పిండం నుంచి నరాల కణజాలం చిన్న తునక తీశాడు. దాన్ని గాజు పలక కింద వేలాడే ఒక చుక్కలో ఉంచాడు. ఒంటికి బయట అది చావకుండా ఉండటమే కాదు, అందులోంచి సన్నటి నరం పోగులు సాగడం సూక్ష్మదర్శిని కింద కళ్లారా చూశాడు. ఆ చుక్క నీళ్ల చుక్క కాదు. పెద్ద కప్ప ఒంట్లోంచి తీసిన లింఫ్ ద్రవం. మామూ అడిగిన "ఖాతా క్యా" సవాల్ మొదటి రోజే అక్కడ కూర్చుని ఉంది. ఒంటి నుంచి వేరుపడిన కణం ఉప్పునీళ్లతో బతకదు, ఇంకో ప్రాణి రసం కావాలి.

ఆ తర్వాత వచ్చినవాడు అలెక్సిస్ కారెల్. ఫ్రాన్స్‌లో పుట్టి న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన సర్జన్. రక్తనాళాలను కుట్టే పద్ధతికి 1912లో నోబెల్ ఇనామ్ వచ్చింది. అదే ఏడాది జనవరి 17న కోడి పిండం గుండె ముక్కను గాజుపాత్రలో పెట్టాడు. ఆ కణాలను ఆయన, ఆయన సహాయకుడు ఆల్బర్ట్ ఎబెలింగ్ ఏళ్ల తరబడి సాకారు. కారెల్ లేబొరేటరీలో గోడలు నలుపు, గౌన్లు నలుపు. దుమ్ము కనబడాలని, వెలుతురు మెరవకూడదని ఆ ఏర్పాటు. పత్రికలవాళ్లకు ఇంకేం కావాలి! ప్రతి జనవరిలో "చావులేని కోడి గుండె"కు సాల్‌గిరా వార్తలు రాశారు. మా బిరాదరీ అప్పుడూ ఇంతే. కారెల్ 1944లో పోయాడు, ఆ కణాలను 1946 దాకా నడిపారు. మామూలు కోడి ఎన్నడూ చూడని ముప్పై నాలుగేళ్లు!

1961లో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ అనే ఇద్దరు ఆ తమాషా మీద నీళ్లు పోశారు. మామూలు మనిషి కణాలు సుమారు యాభై సార్లు రెట్టింపయ్యాక ఆగిపోతాయని చూపించారు. మరి కారెల్ కోడి గుండె ఎలా నడిచింది? కణాలకు దాణాగా కోడి పిండాల్ని నలగ్గొట్టి తీసిన రసం పోసేవారు కదా, ఆ రసంతో పాటు కొత్త కణాలు కూడా పాత్రలో పడుతూ వచ్చి ఉంటాయని హేఫ్లిక్ వాదించాడు. అంటే తినిపించిందే తిన్నదాని స్థానంలో కూర్చుందన్నమాట. ఇంత పేరున్న ప్రయోగం చుట్టూ ఉన్న షక్ అంతా దాణా నుంచే పుట్టింది. (కారెల్ గురించి ఇంకో మాట చెప్పకపోతే బేఇమానీ అవుతుంది. "పనికిరాని" మనుషుల్ని గ్యాస్‌తో తొలగించవచ్చని 1935లో పుస్తకం రాసినవాడు ఆయన. ఇల్మ్ ఉన్న ప్రతిచోటా ఇన్సానియత్ ఉండదు.)

ఆ కోడి గుండె రాజకీయ నాయకుల్నీ ఊరించింది. యాభై ఏళ్లలో మనం రొమ్ము ముక్క కోసమో రెక్క కోసమో కోడి మొత్తాన్ని పెంచే బేవకూఫీ మానేసి, కావలసిన భాగాన్నే విడిగా పెంచుకుంటామని 1931లో చర్చిల్ ఒక వ్యాసంలో రాశాడు. ఆయన లెక్క ప్రకారం అది 1981 నాటికి అయిపోవాలి. అవలేదు.

అసలు కథ ఆకలి దగ్గర మొదలైంది. విలెమ్ వాన్ ఈలెన్ 1923లో డచ్చివాళ్ల చేతిలో ఉన్న ఇండోనేసియాలో పుట్టాడు, డాక్టర్ కొడుకు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఫౌజ్ చేతికి ఖైదీగా చిక్కాడు. క్యాంపులో ఫాకాలు. కంచె దాటి లోపలికొచ్చిన వీధికుక్క మీద ఖైదీలు పడి పచ్చిగానే తినేవారని ముసలితనంలో ఆయన చెప్పుకున్నాడు. విడుదలయ్యేనాటికి ఎముకల గూడు. తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో చదువుకుంటున్నప్పుడు, ఒక ప్రొఫెసర్ ఒంటి బయట బతికి ఉన్న కండ ముక్కను చూపించాడు. ఆకలి చూసిన కుర్రాడికి అందులో శాస్త్రం కంటే ముందు రోటీ కనబడింది. ఆ ఖయాల్ ఆయన్ని వదల్లేదు. వ్యాపారాలు చేశాడు, డబ్బు జమ చేశాడు, శాస్త్రవేత్తల తలుపులు కొట్టాడు, చాలామంది దీవానా అనుకున్నారు. 1990ల చివర్లో పేటెంట్ దక్కేసరికి డెబ్బై దాటాడు. ఆయన వెంటపడ్డ ఫలితంగానే 2005లో డచ్ ప్రభుత్వం 20 లక్షల యూరోలిచ్చి మూడు యూనివర్సిటీలను ఈ పనిలో పెట్టింది.

కండ పెరగాలంటే ఏ కణం కావాలో అప్పటికి తెలుసు. మనకు దెబ్బ తగిలి కండ చీలితే దాన్ని మాన్పడానికి పక్కనే నిద్రపోతూ ఉండే కణాలు లేచి పనిలోకి దిగుతాయి. వాటిని 1961లో అలెగ్జాండర్ మౌరో కప్ప కండలో గుర్తించి శాటిలైట్ కణాలన్నాడు. చిన్న తునక తీసి ఆ కణాల్ని వేరు చేస్తే అవి రెట్టింపవుతాయి, తర్వాత ఒకదానికొకటి అతుక్కుని పోగులవుతాయి. మా-బాప్ సంగతి అట్లా తేలింది. మిగిలింది దాణా.

1950లలో హ్యారీ ఈగిల్ కణాలకు కావలసిన ఉప్పులు, చక్కెర, అమినో ఆమ్లాలు, విటమిన్లు లెక్కకట్టి ఒక ద్రావణం తయారు చేశాడు. ఈనాటికీ లేబొరేటరీల్లో ఆయన పేరుతోనే దొరుకుతుంది. అదొక్కటే చాలలేదు. ఇంకా ఏదో కావాలి, ఎదగమని చెప్పే హుకుమ్ లాంటిది. అది ఖూన్‌లో ఉంది. 1958 ప్రాంతంలో థియోడోర్ పక్ బృందం వాడి చూపించాక, దూడ పిండం సీరం ప్రపంచమంతా పాకింది. కబేళాకు వచ్చిన ఆవు చూలుతో ఉన్నట్టు తేలితే కడుపులోని పిండాన్ని తీసి, దాని గుండెలోకి సూది గుచ్చి ఖూన్ లాగుతారు. గడ్డకట్టనిచ్చి పైన తేరుకున్న సీరం తీస్తారు. పుట్టని బిడ్డ ఒంట్లో ఎదుగుదలకు హుకుమ్ ఇచ్చే పదార్థాలు ఎక్కువ, రోగాలతో పోరాడే యాంటీబాడీలు తక్కువ. అందుకే కణాలకు అది అమృతం. దాణాలో మామూలుగా పదోవంతు అదే.

ఈ పేరా రాసి నేను కాసేపు లేచి తిరిగాను. జంతువును చంపకుండా మాంసం అని లోకానికి చెప్పిన వస్తువు, కడుపులోని దూడ ఖూన్ తాగి పెరిగింది.

2002లో న్యూయార్క్ టూరో కాలేజీలో నాసా డబ్బుతో మోరిస్ బెంజమిన్సన్ బృందం గోల్డ్‌ఫిష్ కండను ఇట్లానే పెంచింది. ఆలివ్ నూనె, మసాలా పెట్టి వేయించారు, వాసన చూసి బాగుందన్నారు, తినలేదు. తిన్నది 2013 ఆగస్టు 5న, లండన్‌లో, టీవీ కెమెరాల ముందు. మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ పోస్ట్ ఆవు కణాలతో పెంచిన దాదాపు 20,000 సన్నటి కండ పోగుల్ని కలిపి ఒక బర్గర్ చేయించాడు. ఖర్చు రెండున్నర లక్షల యూరోలు, అప్పటి మారకంలో సుమారు 2 కోట్ల రూపాయలు. ఇచ్చింది గూగుల్ స్థాపకుల్లో ఒకరైన సెర్గీ బ్రిన్. కండకు రంగు లేదు, ఎరుపు కోసం బీట్‌రూట్ రసం, జాఫ్రాన్ కలిపారు. తిన్నవాళ్లు మాంసం లాగే ఉందన్నారు, చర్బీ లేదని ఒక షికాయత్. మన దగ్గర ఏ బావర్చీని అడిగినా ముందే చెప్పేవాడు. వాన్ ఈలెన్‌కు అప్పటికి తొంభై ఏళ్లు. 2015లో ఇంతికాల్ అయ్యాడు. ఆ బర్గర్ కూడా దూడ సీరం తాగిందే.

ఖూన్ లేకుండా కణాల్ని పెంచే దారి మాత్రం అంతకు చాలా ముందే ఒకరు తెరిచారు. గోర్డన్ సాటో, జపాన్ మూలాలున్న అమెరికన్. యుద్ధం వచ్చినప్పుడు అమెరికా ప్రభుత్వం తన జపనీస్ పౌరుల్ని శత్రువులన్న అనుమానంతో క్యాంపుల్లో పెట్టింది. సాటో కుటుంబం కాలిఫోర్నియా ఎడారిలోని మంజనార్ క్యాంపులో బతికింది. జపాన్ క్యాంపులో మాడినవాడు వాన్ ఈలెన్, జపనీయుడన్నందుకు క్యాంపు పాలైనవాడు సాటో. ఒకే జంగ్, కంచెకు రెండు వైపులా ఇద్దరు కుర్రాళ్లు. 1970లలో సాటో, ఇజుమి హయాషీతో కలిసి, సీరం చేసే పనిలో ఎక్కువ భాగం దానిలోని హార్మోన్లదేనని, వాటిని విడిగా కలిపితే ఖూన్ అక్కర్లేకుండా కొన్ని కణాలు పెరుగుతాయని చూపించాడు. ఆ తర్వాత ఆయనేం చేశాడో తెలుసా? ఎర్రసముద్రం ఒడ్డున ఎరిత్రియాలోని హర్గీగో అనే పేద పల్లెకు వెళ్లి, ఏమీ మొలవని తీరంలో మడచెట్లు నాటించాడు. ఆ ఆకులు మేకలకు, గొర్రెలకు మేత. ఆ పనికి మంజనార్ ప్రాజెక్ట్ అని పేరు పెట్టాడు. సీరానికి బదులు కనిపెట్టినవాడు చివరికి మేకల్ని మేపడానికి వెళ్లాడు. మా మామూకు ఈ కథలో బాగా పసంద్ అయిన మనిషి ఈయనే.

సాటో చూపిన దారిలో మాంసం కంపెనీలు నడవడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది, హార్మోన్లు, ఎదుగుదల ప్రోటీన్లు ఖరీదు కాబట్టి. సీరం వాడటం మానేశామని మార్క్ పోస్ట్ కంపెనీ మోసా మీట్ 2019లో ప్రకటించింది. సీరం లేకుండా కండ పోగులు తయారయ్యే పద్ధతిని 2022 జనవరిలో అందరూ చదివేలా అచ్చువేసింది.

ఇందులో మన తెలుగువాడూ ఉన్నాడు. ఉమా వాలేటి విజయవాడలో పుట్టాడు, తండ్రి పశువైద్యుడు. పన్నెండేళ్లప్పుడు పక్కింట్లో పుట్టినరోజు దావత్‌కు వెళ్తే ముందు వాకిట్లో ఆటపాటలు, కోడి, మేక వంటకాలు. వెనక పెరట్లో అదే సమయంలో జంతువుల్ని కోస్తున్నారు. ఒకే ఇంట్లో ఒక వైపు పుట్టుక, ఒక వైపు చావు అనిపించిందని ఆయన చాలాచోట్ల చెప్పాడు. పుదుచ్చేరి జిప్‌మర్‌లో డాక్టరీ చదివి, అమెరికాలో గుండె డాక్టరై, మూలకణాలతో దెబ్బతిన్న గుండె కండను బాగుచేసే పని చూస్తూ, ఇదే కండను తినడానికి ఎందుకు పెంచకూడదనుకున్నాడు. 2015లో మెంఫిస్ మీట్స్ పెట్టాడు, తర్వాత దాని పేరు అప్‌సైడ్ ఫుడ్స్ అయింది. 2023 జూన్‌లో అమెరికాలో అమ్మకానికి ఇజాజత్ వచ్చిన రెండు కంపెనీల్లో అదొకటి. పెరట్లో కోత చూసి కలిగిన బాధ సచ్చాయే, దాన్ని ఎగతాళి చేయను. కానీ మా ఇంట్లో పిల్లలకు కోతను వెనక పెరట్లో దాచరు. బిస్మిల్లా చెప్పడం, ఛురీ పదును, జంతువుకు నీళ్లు పట్టడం, అన్నీ కళ్లెదుటే. ఆయన చూసిందీ మేం చూసిందీ ఒకటే పని, తర్బియత్ వేరు.

మొదటి అమ్మకం మాత్రం సింగపూర్‌లో, 2020 డిసెంబర్‌లో. ఈట్ జస్ట్ అనే కంపెనీ చికెన్. అప్పటి దాణాలో కొద్దిపాటి దూడ సీరం ఉంది. సీరం లేని పద్ధతికి అనుమతి 2023 జనవరిలో వచ్చింది. ఇక్కడే సైన్స్ నడిచిన బాట, ఫిఖ్ నడిచిన బాట కలిశాయి.

నానీ సవాల్ కొత్తది కాదు. రసూలుల్లాహ్ మదీనా వచ్చిన కాలంలో అక్కడి కొందరు బతికున్న ఒంటె మూపురాన్ని, గొర్రె కొవ్వు తోకను కోసుకుని తినేవారు. ప్రాణమున్న జంతువు నుంచి కోసింది ముర్దార్‌తో సమానమని ఆయన ఆపారు. మరి బతికున్న ఆవు తొడ నుంచి సూదితో తీసిన గింజంత కండ సంగతేమిటి? ఇండోనేసియాలోని నహ్దతుల్ ఉలమా 2021లో దీన్నే ముర్దార్ కిందికి తెచ్చి, అట్లా పెంచిన గోష్త్ నజిస్, హరామ్ అంది. 2023లో ఒక అమెరికన్ కంపెనీ అడిగితే సౌదీ ఆలిమ్‌లు ముగ్గురు షరతులతో ఒప్పుకున్నారు: జంతువు హలాల్ జాతిదై ఉండాలి, షరీయత్ ప్రకారం జిబహ్ అయి ఉండాలి, కణాలకు పెట్టిన దాణాలో హరామ్ వస్తువు ఉండకూడదు, ఆహార భద్రత అధికారులు నిర్ధారించాలి. 2024 ఫిబ్రవరిలో సింగపూర్ ఇస్లామిక్ కౌన్సిల్ ఫత్వా వచ్చింది. కణాలు హలాల్ జంతువువి, మిగతా పదార్థాలన్నీ హలాల్, తయారైంది పాక్, హాని లేనిది అయితే తినవచ్చని. మా-బాప్ ఎవరు, తిన్నదేమిటి!

ఖూన్ విషయంలో బహస్ ఇంకా లోతు. పారే రక్తం హరామ్ అన్నది సూరా అన్‌ఆమ్‌లో సాఫ్‌గా ఉంది. కానీ ఒక వస్తువు పూర్తిగా మారిపోతే హుకుమ్ మారుతుందా అన్నది ఫుఖహా పాత చర్చ, దాన్ని ఇస్తిహాలా అంటారు. సారా సిర్కా అయితే పాక్. ఉప్పు గనిలో పడ్డ గాడిద ఉప్పై పోతే? హనఫీల్లో ఇమామ్ ముహమ్మద్ పాక్ అన్నారు, ఇమామ్ అబూ యూసుఫ్ ఒప్పుకోలేదు. సీరం తాగిన కణం ఉప్పైన గాడిదా, లేక నజిస్ అంటిన బట్టా? పన్నెండు వందల ఏళ్ల కిందటి ఆ ఇద్దరు ఉస్తాద్‌ల ఇఖ్తిలాఫ్ ఇప్పుడు స్టీలు ట్యాంకు దగ్గర నిలబడి ఉంది.

దాణా అయ్యాక ఇంకోటి ఉంది, చాలామంది అడగనిది. కణాలు ఒట్టి ద్రవంలో తేలితే ముద్దే అవుతాయి, బోటీ కాదు. అతుక్కోవడానికి పందిరి లాంటి ఆసరా కావాలి. ఆ పందిరికి లేబొరేటరీల్లో సులువుగా దొరికేవి కొల్లాజెన్, జిలెటిన్. జిలెటిన్ అనగానే మందు గోలీల తొడుగు చూసి మన అమ్మీలు ఎందుకు ఆగుతారో తెలుసు కదా. యూరప్‌లో అది ఎక్కువగా పంది చర్మం నుంచే వస్తుంది. హలాల్ ఆవు కణాన్ని హలాల్ దాణా పెట్టి ఆ పందిరి మీద పాకిస్తే ఏం లాభం? దీనికి కొన్ని మంచి జవాబులు దొరికాయి. 2020లో ఇజ్రాయెల్ టెక్నియాన్‌లో షులమిత్ లెవెన్‌బర్గ్ బృందం సోయా ప్రోటీన్ గుల్లల మీద ఆవు కండ పెంచింది, మనం మీల్‌మేకర్ అంటామే, ఆ జాతిదే. మరుసటి ఏడాది బోస్టన్ కాలేజీ వాళ్లు పాలకూర ఆకులోంచి మొక్క కణాల్ని కడిగేసి, మిగిలిన ఈనెల వల మీద ఆవు కణాలు వేశారు. పాలక్ గోష్త్ అనకండి, నాకూ నవ్వొచ్చింది.

ఇక సేహత్. కబేళాలో పేగుల నుంచి కండకు క్రిములు అంటుకునే ప్రమాదం ట్యాంకులో లేదు, నిజమే. కానీ క్రిమి ఇరవై నిమిషాల్లో రెట్టింపవుతుంది, జంతుకణానికి దాదాపు ఒక రోజు కావాలి. ట్యాంకులో చక్కెర, అమినో ఆమ్లాల షర్బత్ వెచ్చగా ఉంటుంది. ఒక్క బ్యాక్టీరియా దూరినా దస్తర్‌ఖాన్ మొత్తం దానిదే. ఐక్యరాజ్య సమితి ఆహార, ఆరోగ్య సంస్థలు 2023లో కలిసి వేసిన నివేదికలో, కణం తీయడం మొదలు ప్యాకింగ్ దాకా 53 ప్రమాదాలను పేర్కొన్నారు. వాటిలో చాలా మామూలు ఆహారంలోనూ ఉండేవే. మామూ మేక చిగుళ్లు, కళ్లు చూస్తాడు, కోశాక కలేజీ తిప్పి చూస్తాడు, మచ్చ ఉంటే పక్కన పెడతాడు. ట్యాంకుకు కలేజీ లేదు, దాని తబియత్ యంత్రాలే చెప్పాలి.

మన దగ్గర కూడా పని మొదలైంది. 2019లో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ సుమారు నాలుగున్నర కోట్లు హైదరాబాద్‌లోని రెండు సంస్థలకు ఇచ్చింది. ఒకటి హబ్సిగూడ దగ్గరి సీసీఎంబీ, రెండోది చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన కేంద్రం. ఈ రెండోదే, అమ్మిన మాంసం ఏ జంతువుదో డీఎన్ఏ చూసి చెప్పే చోటు కూడా. మా-బాప్ ఎవరో సర్కారీ ముద్రతో తేల్చే దుకాణం అన్నమాట. ఎవరి ఫ్రిజ్‌లో ఏముందని మనుషుల మీద పడే ఈ కాలంలో ఆ సవాల్ ఎంత బరువైందో నేను చెప్పాలా?

ఇటలీ 2023లో ఈ గోష్త్‌ను నిషేధించింది. 2024లో అమెరికాలోని ఫ్లోరిడా, అలబామా కూడా, తమ పశువుల పెంపకందారుల పేరు చెప్పి. మన ఖురేషీ దుకాణాల పేరు చెప్పి చట్టం చేసేవాళ్లెవరూ నాకు కనబడలేదు. మామూకు ఉన్న ఫికర్ అదే. పెద్ద కొడుకు దుకాణం వద్దంటున్నాడు, చిన్నోడు చేస్తానంటున్నాడు. "వాడికి ఇరవై రెండు. వాడి బాల్ తెల్లబడేసరికి ఈ రిజ్క్ ఉంటుందా?" అని మొన్న ఫోన్‌లో అడిగాడు.

నేను చదివింది చెప్పాను. 2024 మేలో సింగపూర్‌లో ఒక మాంసం దుకాణంలో ఈ చికెన్ ఫ్రీజర్‌లో పెట్టి మామూలు జనానికి అమ్మారు, 120 గ్రాముల ప్యాకెట్ 7 డాలర్ల పైన. అందులో కోడి కణాలు 3 శాతం.

"మిగతా తొంభై ఏడు?"

"ఎక్కువగా మొక్కల ప్రోటీన్, మామూ."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఛురీని ఇనుప కడ్డీకి నూరుతున్న శబ్దం వినబడింది. జుమ్మా రోజు, గిరాకీ ఎక్కువ, మళ్లీ చేస్తానని పెట్టేశాడు.